నలభై రోజులు దాచుకున్న మాట

పందొమ్మిదేళ్ల వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది, దేవుడికి నా సహాయం చాలా అవసరమని. ఆ రోజుల్లో నేను చేసే ప్రతి చిన్న త్యాగాన్నీ ఆయన పైనుంచి చూసి సంతోషంతో తల ఊపుతున్నాడని ఊహించుకునేదాన్ని. పండగ పూట రెండో వడ ముట్టకపోతే అదొక త్యాగం. చెప్పు తెగితే ఇంట్లో చెప్పకుండా మూడు రోజులు ఒంటి చెప్పుతో నడిస్తే అదింకో త్యాగం. (మూడో రోజు తుమ్మముల్లు దిగి కుంటుకుంటూ ఇంటికి వస్తే అమ్మ పెట్టిన చీవాట్లు ఆ త్యాగంలో భాగం కావు.) ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. ఆ పిల్లను తలుచుకుంటే కాస్త సిగ్గు, కాస్త ముద్దు. ఆమెను అంత ఓపికగా భరించినవాళ్లందరికీ కృతజ్ఞత చెప్పుకోవాలనే ఈ ఈస్టరు కచేరీ సంగతి రాస్తున్నాను.

మాది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. నాయనకు గొర్రెలుండేవి. వాన పడిన ఏడు ఊళ్లో ఉండేవాళ్లం, పడని ఏడు మందతో పాటు మేమూ మేత దొరికే దిక్కుకు నడిచేవాళ్లం. పడని ఏళ్లే ఎక్కువ కనుక నేను బడి గడప తొక్కింది తక్కువ. ఇంటర్ దాకా చదివిన మా అమ్మే నాకు బడి. ఎవరి చేలో మంద కడితే ఆ గట్టు మీదే తెలుగు, లెక్కలు, బైబిలు. వాటితో పాటు పాట. పాత కీర్తనల పుస్తకంలో పాటల పైన డొ, రె, మి, ఫ, సొ అని స్వరాల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అమ్మ చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తే నేను ఆ ఎత్తు స్వరాన్ని పేరుతో పలకాలి. మాటలు పాడతానని మారాం చేస్తే, "ముందు మెట్లెక్కేది నేర్చుకో మే, మూట మల్లా ఎత్తుకుందువు" అనేది. అట్లా నాకు మెట్లు బాగా వచ్చాయి. నిద్రలో లేపి అడిగినా స్వరం పేరు చెప్పేదాన్ని.

ఆ ఏడు కూడా వాన లేదు. వేరుశనగ చేలోనే మాడిపోయింది. ఈస్టరు కాగానే మందను తోలుకుని ఎనిమిది నెలలకు దూరం పోవాలని నాయన నిర్ణయించాడు. కానీ అమ్మ మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. నీళ్ల బిందె దించి లేవాలంటే గోడ పట్టుకునేది. ఆమెను ఇంట్లో ఒంటరిగా వదిలి పోలేము, వెంట నడిపించలేము. అదే సమయంలో అనంతపురంలో ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో పాటలు నేర్పే మనిషి కావాలని తెలిసింది. ఉద్యోగంతో పాటు అక్కడే ఒక గది ఇస్తారట. ఆ గదిలో అమ్మ ఉండొచ్చు, మోకాళ్లకు నడక తప్పుతుంది. నన్ను తీసుకుని అమ్మ ఆ బడి ప్రిన్సిపాలమ్మ దగ్గరికి వెళ్లింది.

ప్రిన్సిపాలమ్మ పొడుగైన మనిషి, కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతుండేది. నా దగ్గర చూపించడానికి దూరవిద్యలో రాసిన పదో తరగతి కాగితం ఒక్కటే ఉంది. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, వెనకాల ఇంకేమైనా అంటుకుని ఉందేమో అన్నట్టు చూసింది.

"ఈ కాగితం సూసి నిన్ను పెట్టుకుంటే పైవాళ్లు నన్ను బతకనియ్యరు" అంది. "ఈస్టరు కచేరీలో పాడతాండావంట గదా. నేనొచ్చి ఇంటా. నచ్చితే పైవాళ్ల సంగతి నేను సూసుకుంటా. నచ్చకపోతే మాత్రం మల్లా అడిగేదానికి రావద్దు పాపా. కాదని మొగం మీద చెప్పేది నాకు కష్టం." (అప్పుడు చెప్పింది మొగం మీద కాకుంటే మరెక్కడో నాకు అర్థం కాలేదు.)

ఇక అనంతపురంలో జరిగే ఆ కచేరీ గురించి చెప్పాలి. జిల్లాలోని సంఘాల నుంచి ఏరిన నలభై మంది గాయకులు, బెంగుళూరు నుంచి వచ్చే పాతిక మంది వాద్యగాళ్లు. వయొలిన్లు, మనిషంత ఎత్తు ఉండి నిలబడి వాయించే పెద్ద వయొలిన్లు, బాకాలు, నీళ్ల బానల్లాంటి డ్రమ్ములు. యేసు లేచిన ఉదయం మీద ఒక మాస్టరుగారు తెలుగులో సొంతంగా కట్టిన గంటసేపు సంగీతం అది. ఆయన సన్నని తెల్ల పుల్ల పట్టుకుని అందరినీ నడిపేవాడు. మేము చాటుగా పుల్లసారు అనేవాళ్లం. నాయన ఒకసారి నన్ను దింపడానికి వచ్చి, కాసేపు నిలబడి ఆ పుల్లను శ్రద్ధగా చూసి, "మేకపిల్ల గూడా భయపడదు గదప్పా దానికి" అని పెదవి విరిచి వెళ్లిపోయాడు.

ఆడవాళ్లలో కింది గొంతు వాళ్లం తొమ్మిది మందిమి. పై గొంతు వాళ్లు చదువుకున్న అమ్మాయిలు, గీతల మీద నల్ల చుక్కల సంగీతం చదివేసేవాళ్లు. మాకు ఆ చుక్కలు చీమల బారులాగే కనపడేవి. పుల్లసారు దయతలచి మా వరకు స్వరాల పేర్లు రాసిచ్చాడు. అవి గబగబా పాడగలిగింది నేనొక్కదాన్నే కావడంతో మిగతా ఎనిమిది మందినీ నాకు అప్పగించాడు. వాళ్లందరూ నాకంటే పెద్దవాళ్లు. నా పక్కన నిలబడే ఆమె పాతూరులో బట్టలు కుట్టేది, టైలరక్క అనేవాళ్లం. ఫోనులో ఒక గ్రూపు పెట్టి, ప్రతి పాటనూ స్వరాల పేర్లతో పాడి పంపేదాన్ని. వాళ్లు వంట చేస్తూ, ఆస్పత్రిలో డ్యూటీ చేస్తూ, మిషను తొక్కుతూ అవే పాడుకునేవాళ్లు. "మీ డొ రె మి ఇని ఇని మా ఇంటాయన గూడా పాడతాండాడు మే, తాళం మాత్రం తప్పుతాండాడు" అనేది టైలరక్క.

కచేరీ మొత్తానికి గుండెకాయ లాంటి చోటు ఒకటుంది. సమాధి దగ్గర చీకటి అంతా వాద్యాలు చెప్పాక, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కింది గొంతు ఆడవాళ్లు మాత్రమే, ఏ వాద్యం తోడు లేకుండా, "హల్లెలూయ" అని నాలుగుసార్లు అంటారు. ఆ తర్వాతే మగవాళ్లు, పై గొంతులు, బాకాలు. "లేచిన యేసును ముందు చూసింది ఆడవాళ్లే గదమ్మా, ముందు చెప్పాల్సిందీ వాళ్లే" అని పుల్లసారు వివరించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వెంటనే గుండె జారింది కూడా. ఎందుకంటే ఆ మాటకు మా ఇంట్లో తాళం పడి ఉంది.

ఆ తాళం మా జేజి వేసింది. నాయన తల్లి ఆమె, ఊళ్లోనే మా చిన్నాయన ఇంట్లో ఉండేది. ఈస్టరుకు ముందు యేసు శ్రమలను తలుచుకుంటూ పస్తులుండే నలభై రోజులూ మా ఇంట్లో హల్లెలూయ అనే మాట ఎవరి నోటా రాకూడదు. పాటలో వస్తే ఆ పాటే పక్కన పెట్టాలి. ఈస్టరు తెల్లవారుజామున ఆరాధనలో అందరం కలిసి అన్నప్పుడే తాళం తీసినట్టు. "పస్తుండేది కడుపొకటేనా, నోరు గూడా ఉండొద్దా" అనేది జేజి. అది ఏ పుస్తకంలోనూ ఉన్నట్టు నాకు తెలియదు. కానీ చిన్నప్పటి నుంచి అట్లాగే పెరిగాను. శనివారం శనివారం రిహార్సళ్లు జరిగేదేమో సరిగ్గా ఆ నలభై రోజుల్లోనే.

పుల్లసారుతో విషయం చెప్పి ఉంటే ఆయన ఏదో ఒక దారి చూపేవాడు. మా పాస్టరుగారిని అడిగితే, పని కోసం పలికితే పాపం లేదని నవ్వేసేవారు. నేను ఎవరినీ అడగలేదు. అడిగితే నా త్యాగం తేలికైపోతుంది కదా. దానికి బదులు ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాను. ఆ చోటు రాగానే అందరూ మాట పాడుతుంటే నేను గొంతు బాగా తగ్గించి స్వరాల పేర్లు పాడేదాన్ని. సొ, డొ, మి, రె. మాటకు నాలుగు అక్షరాలు, స్వరాలూ నాలుగే. నోరు కదులుతుంది, శ్రుతి సరిపోతుంది, తాళం భద్రం. ఆరు శనివారాలు ఎవరూ కనిపెట్టలేదు, టైలరక్క తప్ప.

"ఏమ్మే, అందరూ మాట పాడతాంటే నువ్వొకతివి లెక్కలు సెప్తాండావే" అంది ఆమె ఒకరోజు నా చెవిలో.

"పండగనాడు పాడతా అక్కా. మొక్కు."

"సరే తల్లీ. ఆ పొద్దు మాత్రం గట్టిగా అందుకో. నువ్వు యాడికి పోతే మేమూ ఆడికే, మాకు వేరే దిక్కు ల్యా."

ఆమె సరదాకి అనలేదు. ఎనిమిది మందీ అదే మాట మీద ఉన్నారు.

ఈస్టరు రోజు పొద్దున్నే వాద్యగాళ్లతో చివరి రిహార్సలు పెట్టారు. అందుకని ఊళ్లో ఆరాధన వదులుకుని అమ్మా నేనూ మొదటి బస్సెక్కాం. మా కోసం జేజి అక్కడ పాడుతుందని అమ్మ ధైర్యం చెప్పింది. బత్తలపల్లి దాటేసరికి ఎర్ర చేల మీద ఎండ పరుచుకుంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మ మెల్లగా పండగ పాట అందుకుంది. హల్లెలూయ దగ్గర ఆగి నా వైపు చూసి, "అనవే, తాళం తీసినారు గదా" అంది.

నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకంటే అప్పటికి జేజి తాళం మీద నా సొంత తాళం ఇంకోటి వేసుకున్నాను. ఆ ఏటి మొదటి హల్లెలూయ బస్సులో అనడమేమిటి, కచేరీలో, ఆ నిశ్శబ్దంలో, మొదటి పంటలాగా దేవుడికి అర్పించాలి. (ఇందులో ప్రిన్సిపాలమ్మ వింటుందన్న ఆలోచన అస్సలు లేదని చెప్పను.) అమ్మ నిట్టూర్చి, "నీకంటే మీ జేజే మేలు" అని మళ్లీ తన పాటలో పడిపోయింది.

పొద్దుటి రిహార్సల్లోనూ నేను గొంతు తగ్గించి స్వరాలే పాడాను. బెంగుళూరు వాద్యగాళ్ల మధ్య పుల్లసారు మరీ చిక్కిపోయినట్టు కనపడ్డాడు. "కింది గొంతులు గుసగుసలాడుతున్నాయి" అని విసుక్కున్నాడు. "ఇది చావు కబురు కాదమ్మా, లేచిన కబురు. సాయంత్రం గొంతు విప్పండి. ఈమె విప్పితే మీరూ విప్పండి" అని ఎనిమిది మందికీ నన్ను చూపించాడు. వాళ్లు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు తలలూపారు.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. ఏప్రిల్ ఎండ గోడల్లోంచి కొడుతోంది. ఫ్యాన్లు వేస్తే వాద్యగాళ్ల కాగితాలు ఎగిరిపోతున్నాయని అన్నీ ఆపేశారు. తెల్ల చీరల్లో వరసగా నిలబడ్డ మాకు వీపుల మీద చెమట కారుతోంది. రెండో వరసలో ప్రిన్సిపాలమ్మ కూర్చుని కళ్లజోడు ఎక్కించుకుంది. అమ్మ స్తంభం పక్కన కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఉంది. ఆ చేతుల్ని చూశాక నేను ఇంక అటు చూడలేదు.

సంగీతం మొదలైంది. మొదటి అరగంట అంతా నాకు గుర్తున్నది నా గుండె చప్పుడే. సిలువ భాగం అయింది. సమాధి భాగంలో పెద్ద వయొలిన్లు నేల కిందనుంచి మూలుగుతున్నట్టు వాయించాయి. ఇంకా నాలుగు వరసలు. ఇంకా రెండు వరసలు. టైలరక్క మోచేయి నా మోచేతికి తగిలింది, ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఒక్కసారిగా వాద్యాలన్నీ ఆగిపోయాయి. అంత మంది జనంలో ఎవరి గాజులో ఒక్కసారి గలగలమని ఊరుకున్నాయి. పుల్లసారు మా వైపు తిరిగాడు, నన్నే చూశాడు, పుల్ల పైకి లేచింది.

నేను గుండెల నిండా గాలి పీల్చి, నలభై రోజులు దాచుకున్నదంతా కలిపి, నా జీవితంలో ఎన్నడూ ఎత్తనంత గొంతు ఎత్తాను.

"సొ, డొ, మి, రె."

నాకు మొదట ఏమీ తేడా తెలియలేదు. అంత బాగా వచ్చింది శ్రుతి. పైగా నా వెనక ఎనిమిది గొంతులు, ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాకుండా, అంతే భక్తిగా, అంతే గట్టిగా నాతో పాటు "సొ, డొ, మి, రె" అన్నాయి. పుల్లసారు కనుబొమలు పుల్ల కంటే పైకి లేచాయి. అప్పుడు తెలిసింది. ఆరు శనివారాలు నా నోటికి ఆ చోట ఏది అలవాటు చేశానో అదే వచ్చింది. రిహార్సళ్లలో నేను గుసగుసలాడాను కనుక వాళ్లు సొంతంగా మాట పాడుకున్నారు. ఈరోజు గొంతు విప్పాను కనుక ఇచ్చిన మాట ప్రకారం నా వెంట వచ్చేశారు. అయినా వాళ్లు మొదట నేర్చుకున్నది కూడా అదే కదా, నేను ఫోనులో పంపినదే.

రెండోసారి కూడా సొ, డొ, మి, రె. ఆపలేకపోయాను. మూడోసారికి మాట మార్చాలని నోరు తెరిచాను. ఆ మాట ఎట్లా మొదలవుతుందో గుర్తు రాలేదు. పుట్టినప్పటి నుంచి విన్న మాట, ఎంత వెతికినా దొరకలేదు. నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇక అంతా కూలిపోయిందనుకున్నాను. ఎనిమిది మందీ నన్ను చూసి ఆగిపోతారు, ఆ నిశ్శబ్దం అలాగే ఉండిపోతుంది, అమ్మ ఎనిమిది నెలలు మంద వెంట నడుస్తుంది.

వాళ్లు ఆగలేదు. నేను లేకుండానే మూడోసారీ, నాలుగోసారీ నిండు గొంతుతో స్వరాలు పాడేశారు. శ్రుతి చెక్కు చెదరలేదు. నాలుగో దాని కొసను పట్టుకుని మగవాళ్లు అసలు మాట అందుకున్నారు, బాకాలు మోగాయి, డ్రమ్ములు ఉరిమాయి, హాలంతా లేచి నిలబడింది. ఆ తర్వాత పది నిమిషాలూ అందరూ నోరారా హల్లెలూయ పాడుతుంటే నేను ఒక్కదాన్నే ఏడుస్తూ నిలబడ్డాను. (చూసేవాళ్లకు అది భక్తి లాగే కనపడిందట. ఒక పెద్దాయన తర్వాత నన్ను ఆశీర్వదించాడు కూడా.)

అయిపోయాక పుల్లసారు నా దగ్గరికి వచ్చి, పుల్లను జాగ్రత్తగా దాని డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయాడు. టైలరక్క మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వు బాయిలో దూకితివని మేమూ దూకితిమి. మల్లా సూస్తే నువ్వు గట్టు మీద నిలబడుకోని ఉండావు, మేము ఈదతాండాము. ఏం మనిషివి మే నువ్వు" అంది. అని నన్ను దగ్గరికి తీసుకుంది.

అమ్మ దగ్గరికి పోవాలంటే ప్రిన్సిపాలమ్మను దాటాలి. ఆమె సరిగ్గా దారిలోనే నిలబడి ఉంది.

"స్వరాలు పాడమని సారు సెప్పినాడా?"

"లేదమ్మా. మర్సిపోతిని." అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"నడిమధ్యలో నువ్వు ఆపేస్తివి గదా."

"ఆపేస్తి అమ్మా."

"వాళ్లకు నేర్పిందెవరు?"

"నేనేనమ్మా. తప్పు నాదే, వాళ్లది కాదు. వాళ్లు నేను చెప్పినట్టే..."

"అదే నేనూ సెప్తాండేది" అని ఆమె కళ్లజోడు తీసి మెడలో వదిలేసింది. "నేర్పినామె నోరు మూసుకున్నాక గూడా నేర్చుకున్నోళ్లు తప్పకుండా పాడినారు సూడు, ఇన్నేండ్లలో నా బడిలో ఒక్కరూ అట్ల నేర్పింది ల్యా. ఆ పాడింది తప్పనేది వేరే సంగతి. గురువారం వచ్చేయ్, మీ అమ్మను తోడుకోని రా. గది సున్నం కొట్టిచ్చి పెడతా."

అప్పుడు వచ్చింది. ఏ ప్రయత్నమూ లేకుండా, శ్రుతీ లయా లేకుండా, ముక్కు చీదుకుంటూ, "హల్లెలూయ" అన్నాను.

ప్రిన్సిపాలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇప్పుడొచ్చిందా నీకు" అని, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

బయట మెట్ల మీద అమ్మకు సంగతంతా చెప్పాను. గది మాట వినగానే ఆమె మోకాళ్లను అరచేతులతో ఒత్తుకుంది. తర్వాత తాళం గురించి, నా సొంత తాళం గురించి, నోట్లోంచి జారిపోయిన మాట గురించి చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవాలని చాలా చూసింది.

"నలభై దినాలు ఆయన కోసమని దాచిపెట్టి దాచిపెట్టి, తీరా ఆయన పండగొస్తే యాడ పెట్టినావో మర్సిపోయినావే" అని, నవ్వుతూ నవ్వుతూ మెట్టు మీద కూలబడిపోయింది. లేవడానికి చెయ్యి ఇమ్మంది. నేను ఇవ్వలేదు. అంత పెద్ద దుఃఖంలో ఉన్న మనిషిని చూసి నవ్వుతోందని కోపం వచ్చి, మూతి ముడుచుకుని బస్టాండు దిక్కు చూస్తూ నిలబడ్డాను. టైలరక్కే వచ్చి ఆమెను లేపింది.

ఆ హాస్టలు గదిలో అమ్మ పోయేదాకా నాతో పదేళ్లు ఉంది. చాలాసార్లు నవ్వాం, చాలా వాటికి నవ్వాం. అయినా ఆ సాయంత్రం సంగతి వచ్చినప్పుడల్లా ఆ తెల్లచీర పిల్లను ఒక్కసారి భుజం పట్టుకుని కూర్చోబెట్టాలని ఉంటుంది. ఆ మెట్టు మీద అమ్మ పక్కన ఆ పిల్లకూ నాకూ, ఇద్దరికీ పట్టేంత చోటు ఉంది.